నిన్న దండ వేసినవాళ్లు ఇవాళ ఎందుకు పలకరించరు?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మీ బాపు హుజూరాబాద్ దగ్గర ఒక ఊరికి 2019లో సర్పంచ్ అయ్యాడు. గెలిచిన రోజు ఊరంతా డప్పులతో ఇంటిదాకా తీసుకొచ్చి దింపింది. కరోనా వచ్చినప్పుడు వీధివీధికీ మందు కొట్టించాడు, వైకుంఠధామం (శ్మశానవాటిక) కట్టించాడు, పల్లె ప్రకృతి వనంలో మొక్కలకు తానే ట్యాంకర్‌తో నీళ్లు పెట్టించాడు. 2024 ఫిబ్రవరిలో పదవీకాలం అయిపోయి ప్రత్యేకాధికారి వచ్చిన వారం నుంచే ఫోన్లు తగ్గాయి. మళ్లీ నిలబడితే ఓడిపోయాడు. ఇప్పుడు టీ కొట్టు దగ్గర కూడా ఎవరూ పలకరించడం లేదు, బాపు ఇంట్లోంచి బయటికి రావడం లేదు. "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న. జనం ఇంతేనా?" అని అడిగావు.

నేను హనుమకొండలో ముప్పై ఏళ్లకు పైగా ఒక పత్రికలో విలేకరిగా పనిచేశాను. గెలిచిన రాత్రి ఇళ్లు చూశాను, ఓడిన మర్నాటి ఇళ్లూ చూశాను. మా మేనమామ కూడా సర్పంచ్‌గా చేసి ఓడినవాడే. కాబట్టి మీ ఇంట్లో ఇప్పుడు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. పొద్దున్నే తలుపు తీసినప్పుడు వాకిట్లో ఎవరూ ఉండరు చూడు, ఆ నిశ్శబ్దం భరించడం కష్టం.

కానీ "జనం ఇంతే" అన్న మాట నేను ఒప్పుకోను. ఇన్నేళ్లలో నేను చూసింది వేరు. రాత్రికి రాత్రి మారేది నాయకుడి చుట్టూ తిరిగే పది పదిహేను మంది. జనం కూడా మారతారు. అయితే నిదానంగా మారతారు, కారణం ఉండి మారతారు, అడిగితే ఆ కారణం చెబుతారు కూడా. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తే మీ బాపుకు ఊరంతా పగవాళ్లలా కనబడుతుంది.

నేను మొదటిసారి ఓటు వేసింది 1984 డిసెంబర్‌లో. అప్పట్లో ఓటు హక్కుకు 21 ఏళ్లు నిండాలి, నాకు 22. హనుమకొండ లోక్‌సభ స్థానంలో పీవీ నరసింహారావు గారు పోటీలో ఉన్నారు. ఆయన మన మనిషే. నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగారు. మంథని నుంచి ఇరవై ఏళ్లు ఎమ్మెల్యే, ఆ మధ్యలోనే ముఖ్యమంత్రి. 1977లో, 1980లో హనుమకొండే ఆయన్ను ఢిల్లీకి పంపింది. అక్కడ విదేశాంగ శాఖ చూశారు, తర్వాత హోం శాఖ చూశారు. ఇందిరాగాంధీ హత్య తర్వాత వచ్చిన ఎన్నికలు అవి. దేశమంతా కాంగ్రెస్‌కు 400కు పైగా సీట్లు వచ్చాయి. బీజేపీకి దేశం మొత్తం మీద వచ్చినవి రెండే. ఆ రెండిట్లో ఒకటి మన హనుమకొండ! చందుపట్ల జంగారెడ్డి గారి చేతిలో పీవీ సుమారు 54 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు.

ఆ రోజుల్లో చౌరస్తాలో, బస్టాండ్‌లో, మా బంధువుల ఇళ్లలో నేను విన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. పీవీని తిట్టినవాళ్లు నాకు కనబడలేదు. ఇన్ని భాషలు వచ్చినవాడు, దేశాలు తిరిగినవాడు అని గర్వంగానే చెప్పుకునేవాళ్లు. అదే నోటితో, ఆయన్ను కలవాలంటే ఢిల్లీ పోవాలి, జంగారెడ్డి అయితే మన మధ్యలోనే ఉంటాడు అనేవాళ్లు. దానికి తోడు ఆ ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించేసిన కోపం రాష్ట్రమంతా రగులుతోంది. అంటే మనవాళ్ల దగ్గర రెండు సంచులు ఉన్నాయి. ఒకదాంట్లో గౌరవం, ఇంకోదాంట్లో ఓటు. రెండో సంచి మూతి కట్టేశారు గానీ, మొదటిదాంట్లోంచి ఏమీ వెనక్కి తీసుకోలేదు.

తర్వాత ఏమైందో నీకు తెలిసే ఉంటుంది. 1991లో ఆయన ప్రధాని అయ్యారు. నంద్యాల ఉపఎన్నికలో తెలుగుదేశం పోటీ పెట్టలేదు, దాదాపు 5 లక్షల 80 వేల మెజారిటీ వచ్చింది. ఢిల్లీలో ఆయన గది బయట ఎంతమంది కాచుకుని కూర్చునేవాళ్లో చెప్పలేం. 1996లో అధికారం పోయింది. 1998లో సొంత పార్టీ టికెట్ కూడా ఇవ్వలేదు. 2004 డిసెంబర్ 23న ఆయన పోయారు. పార్థివ దేహాన్ని తీసుకెళ్తే పార్టీ కేంద్ర కార్యాలయం గేటు తెరవలేదు. వాహనం కాసేపు బయటే ఆగి వెళ్లిపోయింది. అంత్యక్రియలు హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగాయి. దాదాపు ఇరవై ఏళ్లు గడిచాక, 2024లో భారతరత్న వచ్చింది. ఇప్పుడు అన్ని పార్టీలవాళ్లూ ఆయన మావాడే అంటున్నారు.

ఇందులో ఆ గేటు మూసింది ఎవరు? హనుమకొండలో ఓటు వేయనివాళ్లా? కాదు. ఆయన కుర్చీలో ఉన్నప్పుడు ఆయన చూపు పడాలని వరుసలో నిలబడిన సాటి నాయకులు. ఈ తేడా మీ బాపుకు విడమర్చి చెప్పు.

ఎన్టీఆర్ సంగతీ అంతే. 1984 ఆగస్టులో ఆయన్ను దించింది సొంత పార్టీలో చీలిపోయిన ఎమ్మెల్యేలు. వీధుల్లోకి వచ్చి నెల రోజుల్లో మళ్లీ కూర్చోబెట్టింది జనం. 1989లో అదే జనం ఓడించారు, కల్వకుర్తిలో ఆయన్ను కూడా. 1994లో ఎవరూ ఊహించనంత మెజారిటీ ఇచ్చారు. అది ఇచ్చిన ఎనిమిది, తొమ్మిది నెలలకే, 1995 ఆగస్టులో, ఎమ్మెల్యేలు మళ్లీ వదిలేశారు. ఓటర్లకు మనసు మారడానికి అయిదేళ్లు పట్టింది. పక్కనున్నవాళ్లకు ఆ మాత్రం నెలలు చాలాయి.

జనం ఎప్పుడూ త్వరగా మారరని నేను అనను. మన కరీంనగర్‌నే చూడు. 2006 డిసెంబర్ ఉపఎన్నికలో కేసీఆర్ గారికి రెండు లక్షలకు పైగా మెజారిటీ. ఆ రాత్రి నేను కరీంనగర్‌లోనే ఉన్నాను. గులాబీ రంగు చల్లుకుంటూ ముసలివాళ్లు కూడా చిందులు వేశారు. ఏడాదిన్నర తిరగకముందే, 2008లో, అదే స్థానానికి మళ్లీ ఉపఎన్నిక వచ్చింది. మెజారిటీ పదిహేను వేల చిల్లరకు పడిపోయింది. ఆయన పార్టీ టీఆర్‌ఎస్‌వాళ్లు రాజీనామా చేసిన 16 అసెంబ్లీ స్థానాల్లో 7 మాత్రమే తిరిగి వచ్చాయి. నాలుగు లోక్‌సభ స్థానాల్లో రెండు పోయాయి. తెలంగాణ మీద జనానికి మోజు తీరిపోయిందని అప్పుడు హైదరాబాద్‌లో పెద్దపెద్దవాళ్లు రాశారు. నేనూ ఇంచుమించు అలాంటి వార్తే రాశాను. అది తప్పని రెండేళ్లకు తెలిసింది. 2010 జూలైలో 12 స్థానాలకు ఉపఎన్నికలు వస్తే 11 టీఆర్‌ఎస్‌కు, ఒకటి బీజేపీకి వచ్చాయి. పన్నెండూ తెలంగాణ కోసం రాజీనామా చేసినవాళ్లవే. మా వరంగల్ పశ్చిమ కూడా అందులో ఉంది. ఎదుటివాళ్లకు చాలాచోట్ల డిపాజిట్లు దక్కలేదు.

రెండేళ్లలో జనం ఇంతగా అటూ ఇటూ ఊగారా? అప్పుడు నేను తిరిగిన ఊళ్లలో రైతులు చెప్పింది ఇంకోలా ఉంది. 2008లో, మొన్ననే కదా చెప్పాం, మళ్లీ మళ్లీ ఎందుకు అడుగుతున్నారు అన్నారు. 2010 నాటికి, తెలంగాణ ఇస్తామని కేంద్రం 2009 డిసెంబర్ 9న చేసిన ప్రకటన వచ్చి వెనక్కి పోయింది, పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అడిగిన ప్రశ్నే మారిపోయింది. కాబట్టి జవాబు కూడా మారింది. మనసులో కోరిక మాత్రం ఆ మూడుసార్లూ ఒక్కటే.

నువ్వు రాసిన సామెత సంగతికి వస్తాను. ఓడ మల్లన్న, బోడి మల్లన్న మాట జనానికి తగిలించడం మనకు అలవాటు. 1971ని గుర్తు చేసుకో. 1969 ఉద్యమం తర్వాత తెలంగాణ ప్రజాసమితిని మనవాళ్లు 14 లోక్‌సభ స్థానాల్లో పదింట గెలిపించారు. కొద్ది నెలలకే ఆ నాయకత్వం పార్టీని తీసుకెళ్లి కాంగ్రెస్‌లో కలిపేసింది. మరి అక్కడ ఏరు దాటింది ఎవరు? ఓటు వేసిన జనం గట్టు మీదే నిలబడి ఉన్నారు.

వరంగల్ లోక్‌సభ లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే ఈమధ్య అందరూ దీన్నే ఉదాహరణగా చూపించి ఓటర్లను ఆడిపోసుకుంటున్నారు. 2015 నవంబర్ ఉపఎన్నికలో టీఆర్‌ఎస్‌కు 4 లక్షల 59 వేల మెజారిటీ. 2024లో అదే స్థానంలో ఆ పార్టీ మూడో స్థానానికి వెళ్లింది. 2023లో కామారెడ్డిలో అయితే అప్పటి ముఖ్యమంత్రి, కొద్దిరోజుల్లో ముఖ్యమంత్రి కాబోయే నాయకుడు, ఇద్దరూ ఒక స్థానికుడి చేతిలో ఓడిపోయారు. టీవీల్లో దాన్ని వింతలా చూపించారు. ఆ ఏడాది జనవరిలోనే కామారెడ్డి రైతులు, మాస్టర్ ప్లాన్‌లో మా పొలాలు పరిశ్రమల జోన్‌లో ఎట్లా పెట్టారని కలెక్టరేట్ ముందు కూర్చున్నారు. ఆ రోజుల్లో వాళ్ల పక్కన ఎవరు ఉన్నారో వాళ్లు మరిచిపోలేదు. 1984 హనుమకొండకూ దీనికీ నాకు పెద్ద తేడా కనబడదు.

ఇంత పెద్దవాళ్ల ముచ్చట్లు చెబుతున్నానని అనుకోకు. సర్పంచ్ పని వీటన్నిటికన్నా కష్టం. ఎమ్మెల్యేను జనం దూరం నుంచి చూస్తారు. దూరం నుంచి చూస్తే లోపాలు కనబడవు, అభిమానం నిలబడుతుంది. సర్పంచ్‌ను రోజూ చూస్తారు, పొద్దున బ్రష్ నోట్లో పెట్టుకుని ఉన్నప్పుడు కూడా చూస్తారు. సీసీ రోడ్డు వేస్తే ఎక్కడో ఒకచోట ఆగాలి. ఎవరి ఇంటి ముందు ఆగిందో ఆ ఇల్లు అయిదేళ్లు మరిచిపోదు. మోరీ తీస్తే నీళ్లు ఎవరి ఇంటి పక్కకో పోవాలి. ఇల్లు ఒకరికి మంజూరైతే, రానివాళ్లకు అది సర్పంచ్ చేసిన అన్యాయమే. వచ్చినవాడు మాత్రం అది ప్రభుత్వం ఇచ్చిందనుకుంటాడు!

దానికి తోడు 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక మీ బాపు లాంటివాళ్ల మీద పడిన బరువు నాకు తెలుసు. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం ఉండాలి. ఇద్దరికీ పడకపోతే పని ఆగుతుంది, మాట పడేది సర్పంచే. నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలి, లేకపోతే నోటీసు. మేక మొక్క తింటే మేకల ఆసామితో గొడవ పెట్టుకోవాలి. ట్రాక్టర్‌కు నెలనెలా వాయిదా, డీజిల్, పనివాళ్ల జీతాలు. ఇవన్నీ చేస్తున్నప్పుడు మీ బాపు ఎంతమందిని గట్టిగా అని ఉంటాడో ఒకసారి లెక్క వేసుకోండి. ఆయన చెడ్డవాడని కాదు. ఆ కుర్చీలో కూర్చుంటే ఊరికి కాదు అని చెప్పాల్సింది ఆయనే. అయిదేళ్లలో చెప్పిన 'కాదు'లన్నీ ఓటు రోజు ఒక్కచోటికి చేరతాయి. చివరి రాత్రి పంచే డబ్బు కూడా పనిచేస్తుంది, కాదనను, ఆ పని చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. కానీ అదొక్కటే ఓడించిందని అనుకుంటే మీ బాపుకు అసలు సంగతి ఎప్పటికీ అందదు.

ఇక ఫోన్ల సంగతి. పదవిలో ఉన్నప్పుడు రోజుకు యాభై ఫోన్లు వచ్చేవి అన్నావు. అందులో మీ బాపుకు వచ్చినవి ఎన్ని, సర్పంచ్‌కు వచ్చినవి ఎన్ని? జనన ధ్రువపత్రం కోసం, ఇంటి నంబర్ కోసం, బోరు మోటారు కాలిందని చేసినవాళ్లు ఇప్పుడు ఆ ఫోన్ కొత్త సర్పంచ్‌కే చేయాలి. అందులో ద్రోహం ఏముంది? బస్సు మారితే కండక్టర్ మారతాడు, టికెట్ ఆయన్నే అడుగుతాం. బాధపడాల్సింది వేరేవాళ్ల గురించి. ఫ్లెక్సీలో మీ బాపు పక్కన ఫొటో వేయించుకుని, ఆయన పేరు చెప్పి పనులు చేయించుకుని, ఫలితాల రాత్రికే కండువా మార్చినవాళ్లు. వాళ్ల కోసం ఏడవద్దని చెప్పు. హనుమకొండలో ఒకే జట్టు పిల్లలు ఒక నాయకుడి ఫ్లెక్సీకి పాలాభిషేకం చేయడం, రెండేళ్లకు అదే చౌరస్తాలో ఆయన దిష్టిబొమ్మ తగలబెట్టడం నేను కళ్లారా చూశాను. రెండుసార్లూ ఫొటోలు తీయించి మాకు పంపింది ఒకే మనిషి. దాన్ని మేము ప్రజాభిమానం అని ఒకసారి, ప్రజాగ్రహం అని ఇంకోసారి అచ్చు వేశాం. ఆ పని చేసినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే నాయకులు ఆ ఫొటోలు చూసే మోసపోయారు.

బండ్లు పెట్టి తోలుకొచ్చిన సభకూ, వాళ్లంతట వాళ్లు వచ్చిన సభకూ తేడా ఎట్లా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. 2010 డిసెంబర్ 16న తెలంగాణ కోసం హనుమకొండలో జరిగిన మహాగర్జన సభకు వచ్చినవాళ్లు సద్దులు కట్టుకుని వచ్చారు. తోలుకొచ్చినవాళ్లు భోజనం ఎక్కడ అని అడుగుతారు.

మా మేనమామ గురించి చెప్పి ముగిస్తాను. పరకాల దగ్గర ఊరు. 1988లో గెలిచాడు, 1995లో ఓడాడు. ఏడు నెలలు రచ్చబండ వైపు పోలేదు. రాత్రిపూట చేను దగ్గరికి పోయి తెల్లారకముందే వచ్చేవాడు, ఎవరి ముఖమూ చూడాల్సి రాకుండా. ఒకరోజు మా అత్తమ్మ అన్నం పెడుతూ అడిగింది: మన ఎద్దు బాయిలో పడ్డ రోజు తాళ్లు పట్టుకుని వచ్చినవాళ్లు ఎంతమంది, నీకు దండలు వేసినవాళ్లలో వాళ్లు ఎవరెవరు, అని. మామ వేళ్ల మీద లెక్కపెట్టాడు. పదకొండు మంది వచ్చారట. అందులో దండ వేసినవాళ్లు ఇద్దరు. మిగిలిన తొమ్మిది మంది ఓటు వేశారో లేదో కూడా ఆయనకు తెలియదు.

1997-98 నీకు తెలియకపోవచ్చు. పత్తికి పురుగు తగిలి, ఎన్ని మందులు కొట్టినా చావక, వరంగల్ జిల్లాలో పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్న చలికాలం అది. మా మామ ఊరిలో కూడా ఒక ఇంట్లో జరిగింది. ఆ ఇల్లు 1995లో మామకు ఎదురు తిరిగిన ఇల్లు. ఆ రాత్రి ఆయనే మొదట పోయాడు. పోస్టుమార్టానికి పరకాల తీసుకెళ్లడం, మందుల దుకాణం బిల్లులు, అప్పు కాగితాలు వెతికి పెట్టడం, పరిహారం దరఖాస్తు రాయడం, మండల ఆఫీసు చుట్టూ ఆ ఇంటి ఆడమనిషి వెంట తిరగడం, అన్నీ చేశాడు. చేతిలో పదవి లేదు, ముద్ర లేదు. ఆ తర్వాత పక్క ఊళ్లవాళ్లు కూడా కాగితాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. భూమి పంచుకునే తగాదాలకు ఆయన కూర్చోవాల్సిందే అనేవాళ్లు. మళ్లీ పోటీ చేయమని అడిగితే వద్దన్నాడు. పోయేదాకా ఊరు ఆయన్ను సర్పంచ్ సాబ్ అనే పిలిచింది. దండలు మాత్రం మళ్లీ ఎవరూ వేయలేదు, ఆయనకూ ఆ ధ్యాస లేకుండా పోయింది.

మీ బాపు కూడా ఇట్లాగే చేయాలని నేను చెప్పను. ఆయన మనసు ఆయనది. రెండు పనులు మాత్రం చెయ్యండి. పెండింగ్ బిల్లులు ఉంటే, చేసిన పనుల కొలతలు రాసే ఎంబీ (మెజర్‌మెంట్ బుక్) కాపీలు, పంచాయతీ తీర్మానాలు, చెక్కుల వివరాలు ఇప్పుడే ఒక ఫైల్‌లో పెట్టండి. పంచాయతీ కార్యదర్శి బదిలీ అయిపోతే ఆ కాగితాలు దొరకడం కష్టం. చాలామంది మాజీ సర్పంచులు ఓటమి కన్నా ఆ అప్పుల టెన్షన్‌తోనే కుంగిపోయారు. ఇంట్లో ఆ లెక్క ఎంత ఉందో బాపును కోపం లేకుండా అడుగు.

రెండోది, ఈ ఆదివారం నువ్వే బాపును టీ కొట్టుకు తీసుకెళ్లు. ఎవరూ పలకరించకపోతే మీరే ముందు పలకరించండి. తల దించుకుని కూర్చున్నవాళ్లంతా ఆయన్ను చులకనగా చూస్తున్నారని అనుకోకండి. తాను ఎవరికి ఓటు వేశాడో సర్పంచ్ సాబ్‌కు తెలిసిపోయిందేమో అనే బెరుకుతో, ఏ ముఖం పెట్టుకుని మాట్లాడాలో తెలియక, గ్లాసులోకి చూస్తూ కూర్చున్నవాళ్లు వాళ్లలో చాలామంది ఉంటారు.